మన మిద్దెల మీద మట్టి

మన కల్యాణ మండపం మిద్దె మీద మట్టి పోసి తోట వేద్దామని పోయిన కూటంలో కుర్రవాళ్ళు అడిగారు. అది తేల్చే ముందు మిద్దెల కథ కొంచెం చెప్పుకుందాం.

మిద్దె మీద మట్టి తెలుగువాళ్ళకు కొత్త కాదు. రాయలసీమలో ఈనాటికీ మట్టి మిద్దెలున్నాయి. దూలాల మీద కొయ్యలు పరచి, మట్టి వేసి, పైన చవుడు పోస్తారు. లోపల చల్లగా ఉంటుంది. కానీ చవుడు మళ్ళీ మళ్ళీ వెయ్యాలి. వానకు మొలిచిన గడ్డి పీకాలి, లేకుంటే వేరు దిగిన చోట కారుతుంది.

మన తాతల ఇళ్ళవి మద్రాసు మిద్దెలు. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, ఇటుక ముక్కలు కలిపిన సున్నం దిమ్మిస కొట్టి, పైన తట్టోడు పరిచేవారు. సున్నంలో కరక్కాయ నీళ్ళు, బెల్లం కలిపేవారు.

1957లో మనవారు రామసామి రాజా గారి మద్రాస్ సిమెంట్స్ ఏర్పడింది. కాలక్రమంలో సున్నపు గానుగలు ఆగి సిమెంటు స్లాబులు వచ్చాయి. పని తొందరగా అయింది, గది మాత్రం కొలిమి అయింది.

ఆ వేడికి మందుగా ఇప్పుడు పచ్చని మిద్దెలంటున్నారు. హైదరాబాదులో 2004లో తెరిచిన సీఐఐ–గోద్రెజ్ భవనం మిద్దె మీద తోట ఉంది. లోపల చల్లదనం, వాన నీరు ఒక్కసారిగా కిందికి దూకదు, స్లాబుకు ఎండ దెబ్బ తగ్గుతుంది. అయితే అది ముందే తోట కోసమని కట్టిన మిద్దె.

మేము రైల్వేలో సరుకు బరువులు రాసినవాళ్ళం, అందుకని లెక్క చెబుతున్నాం. మనుషులు తిరిగే మిద్దెకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల భారం లెక్కవేస్తారు. పది సెంటీమీటర్ల తడి మట్టే 160 నుంచి 200 కిలోలు తూగుతుంది. మనుషుల బరువు వేరే.

మా ఇంట్లో ఈ లెక్క చూడకుండా స్లాబు మీదే మట్టి పోశాం. రెండు వానాకాలాలకు కమ్మి తుప్పుపట్టి పూత రాలింది. వంకాయలు కాసిన మాట నిజమే, మరమ్మతు ఖర్చుకు అవి ఏ మూలకూ రాలేదు.

కాబట్టి మండపం మీద మట్టి పోయవద్దు. ఇంజనీరుకు చూపించి, గోడల మీదుగా, దూలాల మీదుగా తేలిక సంచుల్లో మొక్కలు పెడదాం. మిగతా మిద్దెకు తెల్ల సున్నం కొడదాం. 2003లో చట్టం చెప్పిన వాన నీటి గొట్టాలు ఆకులతో మూసుకోకుండా చూద్దాం. వేసవిలో నీళ్ళు పోసేదెవరో ఇప్పుడే పేర్లు రాసుకుందాం. మా పేరు మొదట రాయండి.