ఎవరు పోయారు?

తెల్లవారగట్ల మైకులో ఘంటసాల భగవద్గీత వినపడిందంటే మా గోదావరి జిల్లాల్లో ఎవరూ ముందు చేతులు జోడించరు. పాలచెంబుతో వీధిలోకి వచ్చిన ఇల్లాలూ, అరుగు మీద వేపపుల్ల నములుతున్న పెద్దాయనా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ఎవరు పోయారు?" అనుకుంటారు. మైకు ఏ దిక్కునుంచి వస్తోందో చెవి ఒగ్గి, ఆ వీధిలో మంచాన పడ్డవాళ్ళు ఎవరెవరున్నారో లెక్క వేసుకుంటారు. ఒక రికార్డుకి ఇంతకంటే ఆదరణా, ఇంతకంటే అన్యాయమూ రెండూ వుండవేమో!

డిగ్రీలో నేను చదివింది చరిత్ర. అందులో రాజుల పట్టాభిషేకాలూ, యుద్ధాలూ తప్ప ఒక గ్రామఫోను రికార్డు ఇంటింటా ఎలా జొరబడిందో చెప్పిన పాఠం ఒక్కటీ లేదు. నన్నడిగితే అదీ చరిత్రే.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922 డిసెంబరు 4న కృష్ణా జిల్లాలో గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్యగారు మృదంగం వాయిస్తూ నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. పిల్లవాణ్ణి భుజాన వేసుకుని భజనలకు తీసుకువెళితే, ఆ తరంగాలకు వాడు అడుగులు వేసేవాడట. అంటే కృష్ణుడి కథ ఆయన చెవిన పడింది సంస్కృత పాఠంగా కాదు, మృదంగం దెబ్బతో కలిసి! సంగీతం నేర్చుకోమని కొడుక్కి చెప్పి తండ్రి చిన్నప్పుడే పోయారు. ఆ మాటకోసమే కుర్రవాడు విజయనగరం చేరి, పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర విద్య నేర్చుకున్నాడు. జోలె కట్టుకుని మధుకరం ఎత్తుకు తిన్నాడు. 1942 ఉద్యమంలో జైలుకి కూడా వెళ్ళివచ్చాడు. ఆపైన సినిమా. 'పాతాళభైరవి', 'దేవదాసు', 'మాయాబజార్', 'లవకుశ' - ఇవన్నీ పాఠకులకు నేను చెప్పాలా?

చెప్పవలసింది వేరే వుంది. పద్యం పాడే పద్ధతిని ఆయన మార్చారు. నాటకాల రోజుల్లో పద్యం నాలుగు పాదాలూ అయ్యాక అసలు కచేరీ మొదలయ్యేది. రాగం ఎంతసేపు తీస్తే అంత గొప్ప, వన్స్‌మోర్లు కొడితే మళ్ళీ మొదటికి. తెల్లవార్లూ సాగే నాటకానికి అది చెల్లింది గానీ, మూడు నిమిషాల్లో ముల్లు అంచుకి వచ్చేసే 78 రికార్డుకి ఎలా చెల్లుతుంది? ఘంటసాలవారు రాగాన్ని కుదించి, మాటని ముందుకి తెచ్చారు. కరుణశ్రీగారి 'పుష్పవిలాపం' అలా పాడినదే. పూలు కోసే చేతులు ఆ రికార్డు విని కాస్త ఆగాయంటారు. మరి పూలతోటల కడియం వాళ్ళు ఏమనుకున్నారో!

కడియం అంటే గుర్తొచ్చింది. చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు పుట్టింది అక్కడే. ఆయన జంటకవి దివాకర్ల తిరుపతిశాస్త్రిగారిది భీమవరం దగ్గర యండగండి. ఇద్దరూ కలిసి రాసిన 'పాండవోద్యోగ విజయాల' పద్యాలు రాని రైతు ఒకప్పుడు మా డెల్టాలో లేడు. ఏతం తొక్కుతూ రాయబారం పాడేవాళ్ళు. అంటే మా వాళ్ళకి కృష్ణుడంటే గుళ్ళో విగ్రహం కంటే ముందు, స్టేజీ మీద నిలబడి పద్యం చదివే మనిషి. తరువాత సినిమాలొచ్చి ఎన్.టి.రామారావుగారు కృష్ణుడయ్యారు. పద్యానికి గొంతు మాత్రం ఘంటసాలగారిది. కాబట్టి గీత రికార్డు వచ్చేనాటికే కృష్ణుడు మాట్లాడితే ఎలా వుంటుందో జనానికి తెలుసు. ఇంకే గాయకుడు పాడినా, ఎంత పాండిత్యంతో పాడినా, ఈ పరిచయం దొరికేది కాదు.

ఇక ఆ రికార్డు సంగతి. అప్పటికి ఆయన ఆరోగ్యం దెబ్బతింది. ఒకప్పుడు మూడు స్థాయిల్లోనూ అవలీలగా తిరిగిన గొంతు అలిసిపోయింది. గీతలో వున్నవి పద్ధెనిమిది అధ్యాయాలు, ఏడువందల శ్లోకాలు. అందులో నూటికి కాస్త పైన మాత్రం ఏరుకున్నారు. శ్లోకాలు రకరకాల రాగాల్లో. శ్లోకం అవగానే తెలుగులో తాత్పర్యం, అదీ ఆయన గొంతుతోనే. ఈ తాత్పర్యం పెట్టాలని ఎవరికి తోచిందో గానీ వారికి నమస్కారం. అంతవరకూ గీత అంటే గుడి మండపంలో పండితులు చెపితే, ఆడవాళ్ళు స్తంభాల వెనకనుంచి సగం విని, సగం వినక లేచి వచ్చేది. ఈ రికార్డుతో వంటింట్లో పోపు వేసుకుంటూ వినే వీలు కలిగింది. సినిమా పాటలో వుండే గమకాల విన్యాసం ఇందులో చాలా తక్కువ. గొంతు సన్నబడింది కాబట్టి అలా పాడారని కొందరంటారు. నాకు అలా అనిపించదు. చెప్పవలసిన మాట బరువు తెలిసినవాడు గొంతెత్తి అరవడు.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో ఆయన పోయారు. రికార్డు ఆ తరువాతనే విడుదలయింది. వినే ప్రతివాళ్ళకీ 'ఈయన ఇప్పుడు లేరు' అన్న తలపుతోనే అది మొదలయిందన్నమాట! పైగా పుట్టినవాడికి చావు తప్పదనీ, చినిగిన బట్ట విడిచినట్టు ఆత్మ దేహాన్ని విడుస్తుందనీ చెప్పే సాంఖ్యయోగ శ్లోకాలు మొదట్లోనే వస్తాయి. శవం దగ్గర కూర్చున్నవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి? ఎల్పీలు కొనగలిగిన ఇళ్ళు వూరికి ఒకటో రెండో. 1980ల్లో క్యాసెట్లు వచ్చాక మాత్రం ప్రతి మైకుసెట్టు వాడి పెట్టెలోనూ గీత చేరింది. శుభానికి సన్నాయి, అశుభానికి గీత - పంపకం అయిపోయింది.

ఇలాంటిది అమెరికాలోనూ ఒకటి జరిగింది. శామ్యూల్ బార్బర్ అనే ఆయన తంత్రీవాద్యాలకి రాసిన 'అడాజియో'ని 1938లో టోస్కనీనీ రేడియోలో మొదటిసారి వినిపించాడు. బార్బర్ దాన్ని చావుకోసం రాయలేదు. కానీ 1945లో రూజ్‌వెల్ట్ పోయినప్పుడు రేడియోలో అదే వేశారు. ఇక అది విషాదానికే అంకితమయిపోయింది.

కోనసీమలో మా ఇంటికి టేప్‌రికార్డరు వచ్చింది మా బాబాయి కువైట్ నుంచి తెచ్చినప్పుడు. మా నాయనమ్మ అడిగిన ఒకే ఒక్క క్యాసెట్టు గీత. పొద్దున్నే పెట్టించుకుంది. రెండు శ్లోకాలు అయ్యాయో లేదో, పక్కింటి అత్తయ్య పిండి చేతులతో పరుగెత్తుకొచ్చి, "పెద్దమ్మగారికి ఏమయిందమ్మా!" అని గుమ్మంలోనే గుండె పట్టుకుంది. పెద్దమ్మగారు మడతకుర్చీలో కూర్చుని కాఫీ తాగుతోంది! అందరూ నవ్వారు గానీ, ఇంట్లో మగవాళ్ళు మర్నాటినుంచి ఆ క్యాసెట్టు వద్దన్నారు. అపశకునమట. ఆవిడ వాదించలేదు. మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగాక పెరటి వసారాలో సౌండు బాగా తగ్గించి, పెట్టెకి చెవి ఆనించి వినేది. అలా పన్నెండేళ్ళు విన్నది. ఆవిడ పోయిన రోజున మైకుసెట్టు పిలిపించి, కొబ్బరిచెట్టుకి హారన్ కట్టించి, కాలవ అవతలి వూరికి కూడా వినపడేలా పెట్టారు.

ఈ పద్ధతి మానాలని పెద్దలు సభల్లో చెపుతూనే వున్నారు. యుద్ధభూమిలో చతికిలపడ్డ మనిషిని లేచి నిలబడమని చెప్పిన పుస్తకాన్ని లేవలేని మనిషికి వినిపిస్తే లాభమేమిటి అని వాళ్ళ వాదన. వాదన బాగానే వుంది. కానీ చావింట్లో వింటున్నది శవం కాదు కదా! భర్త పోయి గోడకి జారబడ్డ ఆడమనిషి వింటోంది. పెద్దకొడుకు వింటున్నాడు. లేచి నిలబడవలసిన వాళ్ళు వాళ్ళే. ఏడ్చి ఏడ్చి ఎవరికీ మాట రాని సమయంలో, చిన్నప్పటినుంచీ ఎరిగున్న ఒక గొంతు వచ్చి మాట్లాడుతుంటే అది అపచారం ఎలా అవుతుంది? నా గొడవల్లా చావింట్లో వేస్తున్నారని కాదు, బతికున్న ఇంట్లో వేయనివ్వడం లేదని.

ఇప్పుడు క్యాసెట్లు పోయాయి, హారన్లు పోయాయి. పెన్‌డ్రైవులూ, స్వర్గరథాలకి బిగించిన స్పీకర్లూ వచ్చాయి. గీత మాత్రం మారలేదు. ఆమధ్య రావులపాలెం దగ్గర ఒక మైకుసెట్టు ఆయన్ని అడిగాను. ఈ రికార్డు చివర్లో, విన్నావా, నీ మోహం పోయిందా అని కృష్ణుడు అడుగుతాడు. పోయింది, నువ్వు చెప్పినట్టే చేస్తానని అర్జునుడు అంటాడు. "ఆ భాగం ఎప్పుడైనా విన్నారా?" అన్నాను. నలభై ఏళ్ళుగా ఆ పని చేస్తున్న మనిషి. కాసేపు ఆలోచించాడు.

"ఆయ్, అందాకా ఎక్కడండీ! శవం లేవగానే ఆపించేస్తారు. మళ్ళీ ఇంకో ఇంట్లో మొదటినుంచీ వేస్తామండి" అన్నాడు.