కోట, కచేరి, బజారు: ఓరుగల్లు జంటపట్టణాల నివాస చరిత్ర

ఓరుగల్లు ప్రాంతంలో ఇల్లు కట్టుకోదలచిన గృహస్థు నేడు తనవారిని సంప్రదిస్తే, వారిలో అధికసంఖ్యాకులు హనుమకొండను సూచిస్తారు. దుకాణమో గోదామో పెట్టదలచినవాడికి వరంగల్‌ను సూచిస్తారు. భద్రకాళి చెరువును నడుమ ఉంచుకొని, చౌరస్తా నుంచి చౌరస్తాకు ఆరేడు కిలోమీటర్ల ఎడంతో నిలిచిన ఈ రెండు పట్టణాల మధ్య పనివిభజన ఎంతగా రూఢి అయిందంటే, స్థానికులు దానిని నేల స్వభావంగానే భావిస్తారు: అది చదువరుల ఊరు, ఇది వర్తకుల ఊరు, అక్కడ ప్రశాంతత, ఇక్కడ రద్దీ. అయితే శాసనాలనూ, కట్టడాలనూ, ఆసఫ్‌జాహీ ప్రభుత్వపు ఏర్పాట్లనూ వరుసగా పరిశీలిస్తే, ఈ తారతమ్యానికి నేల కారణం కాదనీ, ఏ యుగంలోనైనా పాలకులు తమ కోటను, తమ కచేరిని, తమ రైలుపట్టాలను ఎక్కడ నిలిపారన్నదే నివాసయోగ్యతను నిర్ణయించిందనీ, అందువల్లనే ఒకానొక కాలంలో జనప్రవాహం ఇప్పటికి సరిగ్గా ఎదురుదిశలో సాగిందనీ తెలుస్తుంది.

హనుమకొండ వయసులో పెద్దది. కల్యాణి చాళుక్యుల సామంతులుగా కాకతీయులు ఏలుబడి సాగించిన నాడు అదే వారి రాజధాని. పద్మాక్షి గుట్టపై 1117 నాటి శాసనం అక్కడి జైనబసదికి ఆ రాజ్యపు మంత్రి కుటుంబం చేసిన దానాన్ని తెలుపుతుంది. 1163లో రుద్రదేవుడు తన స్వాతంత్ర్యాన్ని చాటిన శాసనం వేయిస్తంభాల గుడిలో నిలిచింది. శివ, విష్ణు, సూర్యులకు మూడు గర్భగృహాలున్న ఆ త్రికూటాలయం ఒక పట్టణం తన ఆత్మవిశ్వాసపు పరాకాష్ఠలో కట్టుకున్న కట్టడం. విచిత్రమేమంటే, ఆ గుడి వెలసిన కొద్ది దశాబ్దాలకే ఆ రాజవంశం ఆ పట్టణాన్ని విడిచి వెళ్లింది.

ఈ తరలింపుకు కారణం యుద్ధభయమని చెప్పడం సులభం, చాలావరకు సత్యం కూడా. దేవగిరి యాదవులతో పోరులో రుద్రదేవుడు మరణించాడు. అతని తమ్ముడు మహాదేవుడూ 1199 ప్రాంతంలో అదే శత్రువుతో పోరాడుతూ నేలకొరిగాడు. యువకుడైన గణపతిదేవుడు కొంతకాలం యాదవుల బందీగా ఉండి, వారి అనుమతితోనే సింహాసనం ఎక్కవలసి వచ్చింది. ఇటువంటి అనుభవం గల వంశం ప్రాకారాన్ని గురించి ఆలోచించకుండా ఉండడం అసాధ్యం. హనుమకొండలో గుట్టలున్నా అవి విడివిడిగా చెదిరినవి. ఒక పెద్ద నగరాన్ని ఒకే వలయంలో ఇముడ్చుకొనే వీలు అక్కడ తక్కువ. ఆగ్నేయాన ఏకశిల అనే ఒంటిగుట్ట చుట్టూ పరచుకొన్న చదునునేల ఆ వీలును కల్పించింది. అయితే భయమొక్కటే కోటలు కట్టిస్తుందనుకోవడం పొరపాటు. మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించేంతగా విస్తరించిన రాజ్యానికి సామంతుల నాటి ఊరు చాలదు. నడుమ స్వయంభూదేవాలయం, దాని నాలుగు దిక్కుల నాలుగు తోరణాలు, వాటికి ఎదురుగా నాలుగు రాజమార్గాలు గల కొత్త నగరం ఆ ఆకాంక్షను నేలమీద గీచిన చిత్రం.

గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి పూర్తిచేసిన ఆ రాతికోటను ఇప్పటికీ దగ్గరగా నిలిచి చూడవచ్చు. సున్నం ఊసు లేకుండా ఒకదానిపై ఒకటి ఒరుసుకొని కూర్చున్న గ్రానైటు దిమ్మెలు, 45 బురుజులు, లోపలివైపు సైనికులు ఏ చోటినుంచైనా క్షణంలో పైకి ఎక్కేందుకు గోడ పొడవునా పేర్చిన మెట్లు, నేరుగా చొరబడే వీలు లేకుండా రెండు మలుపులు తిప్పే ద్వారాలు. ఏనుగుదళాలను అడ్డుకొనేందుకు వేసిన ఆ మలుపులలోనే ఇప్పుడు ఆటోలు ఎదురెదురై హారన్లు మోగిస్తాయి. రాతికోట వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు, దాని వెలుపల అంతకు రెట్టింపు వ్యాసంతో మట్టికోట, అగడ్త. 1310లో ఢిల్లీ సేనల ముట్టడిని వర్ణించిన అమీర్ ఖుస్రో ఆ మట్టిగోడ కాఠిన్యాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాడు; శత్రుపక్షపు కవి ఇచ్చిన ఆ యోగ్యతాపత్రం స్వపక్షపు ప్రశస్తికంటె విలువైనది.

ఆ నగరంలో బతుకు ఎలా ఉండేదో శాసనాలు చెప్పవు. అవి దానాలను లెక్కిస్తాయి, రద్దీని కాదు. ఆ లోటును కొంతవరకు తీర్చేది వినుకొండ వల్లభరాయని పేర వెలసిన క్రీడాభిరామం. కర్తృత్వాన్ని గురించి పండితులలో వివాదం ఉంది, కాకతీయుల పతనానంతరపు రచన కనుక దానిని యథాతథ సాక్ష్యంగా స్వీకరించడానికీ వీలులేదు; అయినా గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక పగలంతా ఓరుగల్లు వీధుల్లో తిరిగిన ఆ కథలో కోటలు, సంత, వేశ్యవాటిక, కోడిపందేలు, రూక చెల్లిస్తే సుష్ఠుగా భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు అన్నీ కనబడతాయి. పూటకూళ్ల ఇల్లు ఉన్నదంటే బంధువులు లేని ఊరికి పనిమీద వచ్చే జనం నిత్యం ఉన్నారని అర్థం. రాజు కొలువు, బజారు, గుడి, వినోదం ఒకే ప్రాకారంలో ఇమిడిన ఆ నాడు శక్తిగలవాడు వరంగల్‌లోనే ఉండగోరేవాడని, హనుమకొండ పాత దేవాలయాల ఊరుగా మిగిలిందని ఊహించడం సాహసం కాదు.

1323లో ఉలుఘ్‌ఖాన్ నడిపిన ఢిల్లీ సేనలకు కోట లొంగింది. నగరం పేరు సుల్తాన్‌పురమైంది. తర్వాతి ఐదున్నర శతాబ్దాలలో ముసునూరి నాయకులు, రేచర్ల పద్మనాయకులు, బహమనీలు, కొద్దికాలం షితాబుఖాను, పిదప గోలకొండ పాదుషాలు, మొగలులు, నిజాములు ఒకరి తర్వాత ఒకరుగా ఏలినా, ఓరుగల్లు మళ్లీ ఒక మహారాజ్యానికి కేంద్రం కాలేదు. నేతపని మాత్రం నిలిచింది: 1851లో లండన్ మహాప్రదర్శనలో వరంగల్ తివాచీలు చోటుచేసుకున్నాయి. కోటలోపలి నగరం క్రమంగా పల్లెగా మారింది. అయితే పూర్తిగా ఖాళీ కాలేదు. ఖిలా వరంగల్‌లో ఇప్పటికీ కుటుంబాలు నివసిస్తున్నాయి, ప్రాకారాల నడుమ పంటలు పండుతున్నాయి. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణాన్ని నిషేధించి, ఆపై 200 మీటర్లను నియంత్రించే 2010 నాటి చట్టసవరణ తర్వాత, కోటలో ఇంటిపై ఒక అంతస్తు వేసుకోవడం కూడా అనుమతుల సమస్య అయింది. ఒకనాడు రక్షణకోసం జనాన్ని రప్పించిన గోడ, తనకే రక్షణ అవసరమై, వారి ఇళ్లను పెరగనీయడం లేదు. కట్టడాన్ని కాపాడే చట్టం అవసరమే. దాని భారం పేదకుటుంబాలపై పడిందన్నదీ అంతే నిజం.

ప్రవాహం దిశ మార్చుకొన్నది నిజాముల పాలనలో, పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో. సాలార్‌జంగు సంస్కరణల ఫలితంగా జిల్లాలు, సుబాలు ఏర్పడినపుడు, వరంగల్ సుబాకు అధిపతియైన సుబేదారు తన నివాసాన్ని పాతకోట దాపున గాక హనుమకొండ వైపు నెలకొల్పుకున్నాడు; సుబేదారి అనే పేట ఆ నిర్ణయపు అవశేషమే. కచేరి ఉన్నచోటికి వకీళ్లు, వకీళ్లున్న చోటికి గుమాస్తాలు, వారి పిల్లలకోసం బడులు వచ్చాయి. అదాలత్ కూడలి పేరు ఆ క్రమాన్నే గుర్తుచేస్తుంది. ఇంచుమించు అదే కాలంలో నిజాం గ్యారంటీడ్ రైల్వే సికింద్రాబాదు నుంచి సాగి వరంగల్‌ను తాకి, 1889లో బెజవాడను చేరుకొంది. స్టేషను వరంగల్ పేటల దాపున పడింది. పత్తి, నూనెగింజలు, ధాన్యం అక్కడే దిగాయి, అక్కడే ఎక్కాయి. జిన్నింగు మిల్లులు, గోదాములు, దలాలీ దుకాణాలు స్టేషను చుట్టూ గుమికూడాయి. ఈ విధంగా ఒకే ప్రభుత్వం, ఒకే తరంలో, ఒక పట్టణానికి అధికారాన్నీ రెండోదానికి సరకునూ పంచిపెట్టింది. దీని వెనుక దూరదృష్టి గల ప్రణాళిక ఉన్నదనడానికి ఆధారం కనబడదు. సుబేదారు సౌకర్యం, ఇంజనీరు కొలతలు యాదృచ్ఛికంగా కలిసి పనిచేశాయనడమే సమంజసం. మూడవదైన కాజీపేట, దర్గాకు ప్రసిద్ధి చెందిన పల్లె, 1920ల చివర బల్లార్షా మార్గం కలవడంతో జంక్షనై, రైల్వే ఉద్యోగుల ఊరుగా ఎదిగింది.

1934లో ఆజంజాహి మిల్లు స్థాపన ఈ విభజనను మరింత గట్టిపరచింది. వేలాది కార్మికులకు ఉపాధి నిచ్చిన ఆ మిల్లు వరంగల్‌కు సైరనుతో మేల్కొనే పేటలను, లేబర్ కాలనీని, సమ్మెల సంప్రదాయాన్ని ఇచ్చింది. కొత్తవాడలో మగ్గాలపై జంపఖానాలు నేసే పద్మశాలీలు ఆ మిల్లుకు సమాంతరంగా తమ వృత్తిని కాపాడుకున్నారు, 2018లో వరంగల్ జంపఖానాలకు భౌగోళిక గుర్తింపు లభించింది. మిల్లు మాత్రం జాతీయ జౌళి సంస్థ చేతిలోకి వెళ్లి, నష్టాలలో కూరుకొని, ఈ శతాబ్ది ఆరంభానికి మూతపడింది. వరంగల్‌లో కాపురం ఉండడం ఇష్టపడని వారు చెప్పే ఇరుకు సందులు, దుమ్ము, లారీల రాకపోకలు – వీటిలో అసత్యం లేదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి బస్తాలు వరుసకట్టినపుడు, యార్డు పరిసరాలలో ముక్కుకు గుడ్డ కట్టుకోని మనిషి కనబడడు. కాని ఆ ఘాటుతోనే ఈ ప్రాంతపు పల్లెల అప్పులు తీరుతున్నాయి, హనుమకొండ కాలనీలలో కొన్ని మేడలూ లేస్తున్నాయి.

స్వాతంత్ర్యానంతరపు ప్రభుత్వాలు సుబేదారు గీసిన గీతనే అనుసరించాయి. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల కాజీపేట, హనుమకొండల నడుమ నెలకొంది. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం హనుమకొండ శివారులో వెలసింది. వీటితో అధ్యాపకుల కాలనీలు, హాస్టళ్లు, కోచింగు కేంద్రాలు, వాటికి తగిన మెస్సులు కిషన్‌పుర, నయీంనగర్, నక్కలగుట్టల దాకా అల్లుకున్నాయి. దీనికి తోడు, 1970ల చివరినుంచి పల్లెలలో రైతుకూలీ ఉద్యమం, నక్సలైటు పోరాటం తీవ్రమైనపుడు, ఊళ్లు విడిచిన భూస్వామి కుటుంబాలలో పలువురు పట్టణాలలో ఇళ్లు కట్టుకున్నారు. విశాలమైన స్థలాలు దొరికే హనుమకొండ వారికి అనుకూలించింది. ఆ ఉద్యమానికి యువకులను అందించిన విద్యాసంస్థలూ, ఆ ఉద్యమానికి భయపడి వచ్చినవారి ఇళ్లూ ఒకే పట్టణంలో పక్కపక్కనే ఉండడం ఆ దశాబ్దాల విశేషం.

చదువు ఒక్క హనుమకొండ సొత్తేనన్న భావన మాత్రం అతిశయం. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలసిన మాట నిజమే. కాని మట్టెవాడలో శబ్దానుశాసనాంధ్ర భాషానిలయాన్ని నిలిపింది వర్తకుల ఊరే. వైద్య కళాశాల, ఎం.జి.ఎం. ఆసుపత్రి వరంగల్ వైపే ఉన్నాయి. అర్ధరాత్రి ప్రాణం మీదికి వచ్చిన పేదవాడికి, అతడు హనుమకొండవాడైనా, దిక్కు అదే. డాన్యూబు నదికి ఒక ఒడ్డున కొండపై రాజకోట గల బుడా, మరొక ఒడ్డున చదునునేలపై వర్తకనగరమైన పెస్ట్, ఎగువన పాత బుడా అనే మూడు పట్టణాలు 1873లో ఒకటైన తీరును చదివిన వారికి వరంగల్, హనుమకొండ, కాజీపేటల మన త్రినగరి గుర్తురాక మానదు. అక్కడ వంతెనలు చేసిన పనిని ఇక్కడ సిటీబస్సులు, ఆటోలు చేశాయి: దుకాణం ఒకచోట, ఇల్లు మరొకచోట గల కుటుంబాలు ఉదయం తూర్పుకు, రాత్రి పడమరకు ప్రయాణిస్తూ రెంటినీ కలిపి కుట్టాయి.

ప్రకృతి ఈ తారతమ్యాలను పాటించదని ఇటీవలి వర్షాలు నిరూపించాయి. కాకతీయుల కాలపు చెరువులు గల ఈ నేలలో మత్తడి దూకిన నీరు పల్లానికి పోయే దారి ప్రతి ఊరికీ తెలుసు. ఆ దారులపై ఇళ్లు కట్టింది మన తరాలే. 2020 ఆగస్టులోనూ, 2023 జూలైలోనూ హనుమకొండలో నయీంనగర్ నాలా, వరంగల్‌లో హంటర్ రోడ్డు పరిసరాలు, సంతోషిమాత కాలనీ వంటి లోతట్టు వాడలు ఒకేసారి మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ వైపు గండిపడింది. ప్రశాంతమైన కాలనీ అని అధికమూల్యం చెల్లించి కొన్నవాడూ, చౌకగా దొరికిందని శివనగర్‌లో గది అద్దెకు తీసుకున్నవాడూ ఆ రాత్రి సామాను మంచాలమీదికి ఎక్కించారు. మొదటివాడికి మాత్రం మరునాడు వెళ్లి తలదాచుకొనేందుకు మరొక చోటు ఉండే అవకాశం ఎక్కువ.

పాలనావ్యవస్థ ఈ రెంటినీ కలుపుతూ విడదీస్తూ వచ్చింది. 1994లో నగరపాలక సంస్థ ఏర్పడింది. 2015లో 42 గ్రామాలను కలుపుకొని అది మహానగరపాలక సంస్థ అయింది. 2016లో పాత వరంగల్ జిల్లా అయిదు ముక్కలైనపుడు రెండు పట్టణాలూ వరంగల్ అర్బన్‌లోనే ఉన్నాయి. 2021లో అది హనుమకొండ జిల్లాగా మారగా, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు వేరుపడి రెండో జిల్లాలో చేరాయి. ఫలితంగా ఒకే మేయరు కింద ఉన్న నగరానికి ఇద్దరు కలెక్టర్లు. ఇంటిపన్ను ఒకేచోట కడుతున్న ఇరుగుపొరుగు పేటలవారు ధ్రువపత్రాలకు, భూమి తగాదాలకు వేర్వేరు జిల్లాల కార్యాలయాలకు వెళ్లవలసిన ఈ ఏర్పాటు సామాన్యుడికి సౌకర్యం పెంచిందా అన్నది ఇంకా తేలలేదు. వరంగల్‌కు మాత్రం అది సుబేదారు నాటినుంచి లేని ఒక అవకాశాన్ని, తన సొంత కలెక్టరేటును, ఇచ్చింది. గీసుగొండ వైపు జౌళిపార్కు, నిజాం నాటి మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు 2025లో లభించిన అనుమతి కూడా తూర్పు, దక్షిణ దిక్కులకే మొగ్గు చూపుతున్నాయి. కచేరి వెంట జనం నడిచిన చరిత్ర ఈసారి కూడా పునరావృతమవుతుందో లేదో తెలియడానికి ఒక తరమైనా పడుతుంది. ప్రస్తుతానికి, వరంగల్ జిల్లా కొత్త కలెక్టరేటుకు ప్రభుత్వం ఎంచుకొన్న స్థలం మూతపడిన ఆజంజాహి మిల్లు మైదానం.