మాట ఆగని పరుగు

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నగరానికి పడమట వైటాకెరే కొండలున్నాయి. ఓవైరాకా పేటలో బయల్దేరి, టిటిరంగి మీదుగా అడవి దారి పట్టి, వయటారువా గుట్ట ఎక్కి, మళ్లీ ఇంటికి దిగితే 22 మైళ్లు. అంటే 35 కిలోమీటర్లు. 1950ల చివర్లో ఈ చుట్టును మొదటిసారి పూర్తిచేసిన రోజున పీటర్ స్నెల్‌కు కన్నీళ్లు ఆగలేదు. అప్పటికి ఇరవై ఏళ్లవాడు, దిట్టమైన మనిషి. పైగా అతనిది 800 మీటర్ల పందెం. ట్రాక్ చుట్టూ రెండు చుట్లు వేస్తే, రెండు నిమిషాల్లోపే అయిపోతుంది. అలాంటివాడు గంటల తరబడి కొండలెక్కి దిగడం ఎందుకో అప్పటి కోచ్‌లలో చాలామందికి అంతుపట్టలేదు.

ఆ కాలం స్టాప్‌వాచ్‌ది. హెల్సింకీలో 1952లో ఒకే ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన చెక్ వీరుడు ఎమిల్ జాటొపెక్ సాధనంతా ముక్కలు ముక్కలుగా సాగేది: 400 మీటర్లు గట్టిగా, కాస్త నెమ్మదిగా, మళ్లీ 400 గట్టిగా. రోజుకు అలా డజన్లకొద్దీ. 1954లో మైలును నాలుగు నిమిషాల్లోపు పరుగెత్తిన తొలి మనిషి రోజర్ బానిస్టర్ లండన్‌లో వైద్య విద్యార్థి. మధ్యాహ్న విరామంలో ట్రాక్‌కు వెళ్లి పది పావుమైళ్లు పరుగెత్తేవాడు. నడుమ రెండు నిమిషాలు విశ్రాంతి. ఆ పావుమైలును 59 సెకన్లకు దించడమే లక్ష్యం. వేగంగా పరుగెత్తాలంటే వేగంగానే సాధన చెయ్యాలన్నది అప్పటి నమ్మకం.

ఆర్థర్ లిడియార్డ్ దానికి ఎదురు నిలిచాడు. 1917లో ఆక్లాండ్‌లో పుట్టిన లిడియార్డ్ చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. రగ్బీ ఆడేవాడు కాబట్టి ఒంట్లో సత్తువ ఉందనే అనుకునేవాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో, స్థానిక అథ్లెటిక్ క్లబ్‌లోని వయసు మళ్లిన పెద్ద ఒకాయన తనతో ఐదు మైళ్లు పరుగెత్తమన్నాడు. ఆయన తాపీగా ముందు సాగిపోతుంటే లిడియార్డ్ వెనక రొప్పుతూ, గుండె దడదడలాడుతూ ఈడ్చుకొచ్చాడు. పాతికేళ్లు దాటిన నాకే ఇలా ఉంటే నలభై ఏడేళ్లకు ఏమవుతాను అన్న బెంగ పట్టుకుంది.

చదవడానికి శాస్త్రం, అడగడానికి గురువు లేని లిడియార్డ్ తన ఒంటినే ప్రయోగశాల చేసుకున్నాడు. సుమారు పదేళ్ల పాటు ఒక వారం చాలా ఎక్కువ, మరో వారం చాలా తక్కువ, ఒకసారి గట్టిగా, ఇంకోసారి మెల్లగా పరుగెత్తి ఏది పనిచేస్తోందో చూసుకున్నాడు. కొన్ని వారాల్లో 250 మైళ్లు కూడా పరుగెత్తి, అది మనిషికి పనికిరాదని తెలుసుకున్నాడు. చివరికి తేలిన లెక్క వారానికి 100 మైళ్లు, దాదాపు 160 కిలోమీటర్లు. ఆదివారం నాడు ఆ పెద్ద చుట్టు. ఇలా కొన్ని నెలలు పునాది పడ్డాకే గుట్టలెక్కే సాధన. ఆ తర్వాతే ట్రాక్, ఆ తర్వాతే స్టాప్‌వాచ్. 1953లోనూ 1955లోనూ న్యూజిలాండ్ మారథాన్ గెలిచింది ఆయనే.

మరి ఆయన దగ్గర సాధనకు చేరిన కుర్రాళ్లు ఆ పొడవాటి పరుగును ఎంత వేగంతో తియ్యాలి? ఈ ప్రశ్నకు ఆయన నిమిషాల్లో జవాబు చెప్పలేదు. తన పట్టికల్లో పావు బలం, అర బలం, ముప్పావు బలం అని రాసేవాడు. కూరలో ఉప్పు కొలిచినట్టే ఇదీ చేతి అంచనా. ఎవరి పావు వాళ్లదే. ఆ పావుకూ అరకూ సాక్షి ఊపిరి. పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తగలిగితే సరైన వేగం. మాట తెగిపోతూ, వగర్పు మొదలైతే హద్దు దాటినట్టు. ఇంటికొచ్చేసరికి హాయిగా అలసిపోవాలే తప్ప నలిగిపోకూడదు.

వయటారువా చుట్టు దీనికి బాగా కుదిరింది. ఎక్కుడు దారిలో ఎవరైనా పౌరుషానికి పోతే రెండో గుట్ట దగ్గర గుంపే వాళ్లను దాటుకుని వెళ్లిపోయేది. కబుర్లు చెప్పుకుంటూ వెళ్లినవాళ్లు కబుర్లు చెప్పుకుంటూనే తిరిగొచ్చేవాళ్లు.

ఫలితం 1960 సెప్టెంబరు 2న రోమ్ ఒలింపిక్స్‌లో కనిపించింది. పెద్దగా ఎవరికీ తెలియని స్నెల్ 800 మీటర్లలో ప్రపంచ రికార్డు తన పేరనున్న బెల్జియం వీరుడు రోజర్ మూన్స్‌ను ఆఖరి అడుగుల్లో దాటి స్వర్ణం పట్టాడు. గంట తిరక్కముందే ముర్రే హాల్‌బర్గ్ 5,000 మీటర్లు గెలిచాడు. రగ్బీ ఆటలో దెబ్బ తగిలి ఎడమ చెయ్యి ఎండిపోయిన హాల్‌బర్గ్, ఇంకా మూడు చుట్లు ఉండగానే గుంపును వదిలి దూసుకెళ్లి, గీత దాటాక పచ్చిక మీద వాలిపోయాడు. కొద్దిరోజులకే మారథాన్‌లో బారీ మెగీకి కాంస్యం దక్కింది. ఆ పందెం గెలిచింది వట్టి కాళ్లతో పరుగెత్తిన ఇథియోపియా వీరుడు అబెబె బికిలా. స్నెల్, హాల్‌బర్గ్, మెగీ ముగ్గురూ ఆ ఆదివారపు చుట్టు వేసినవాళ్లే.

స్నెల్ అక్కడితో ఆగలేదు. 1961 డిసెంబరులో పూర్తి మారథాన్ పరుగెత్తాడు. కొన్ని వారాలకే, 1962 జనవరి 27న, వాంగనూయీ ఊళ్లో పచ్చిక ట్రాక్ మీద 3 నిమిషాల 54.4 సెకన్లలో మైలు ముగించి ప్రపంచ రికార్డు కొట్టాడు. వారం తిరిగేసరికి క్రైస్ట్‌చర్చ్‌లో, మళ్లీ పచ్చిక మీదే, 800 మీటర్ల రికార్డు కూడా అతనిదైంది: 1 నిమిషం 44.3 సెకన్లు. మారథాన్ కాళ్లు మైలుకు పనికిరావన్న మాట ఆ వారంతో మూతపడింది.

ఆ ఏడాదే ఆక్లాండ్‌లో మరో ముచ్చట మొదలైంది. గుండెపోటు వచ్చినవాళ్లను మంచం దిగొద్దని డాక్టర్లు చెప్పే రోజులవి. లిడియార్డ్ అలాంటివాళ్లను, పొట్ట పెరిగిన వ్యాపారులను పోగుచేసి మెల్లగా పరుగెత్తించాడు. అలా 1962లో ఆక్లాండ్ జాగర్స్ క్లబ్ పుట్టింది. ఛాంపియన్లకు చెప్పిన నియమమే వీళ్లకూ చెప్పాడు: పక్కవాడితో మాట్లాడుతూ పరుగెత్తండి.

సరిగ్గా అప్పుడే అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయం కోచ్ బిల్ బవర్‌మన్ తన రిలే జట్టుతో న్యూజిలాండ్ వచ్చాడు. పందేలు కుర్రాళ్లవి. ఆయనకు కొన్ని వారాలు దాదాపు సెలవే. ఒక ఆదివారం లిడియార్డ్ ఆయన్ను జాగింగ్‌కు పిలిచాడు. యాభై దాటినా తాను కోచ్‌నే కదా అనుకుని బవర్‌మన్ గుంపుతో కలిశాడు. అర మైలు గడిచేసరికి గుంపు ముందుకెళ్లిపోయింది, ఆయనకు ఆయాసం మిగిలింది. డెబ్బై దాటిన ఒక పెద్దాయన మాత్రం వెనకబడి తోడుగా వచ్చాడు. ఆయనకు అప్పటికే మూడుసార్లు గుండెపోటు వచ్చింది. అయినా దారి పొడుగునా కబుర్లు చెబుతూనే ఉన్నాడు. తిరిగి జవాబు చెప్పడానికి బవర్‌మన్‌కు ఊపిరి అందలేదు.

ఆ సిగ్గును బవర్‌మన్ అక్కడే వదిలెయ్యలేదు. ఉన్నన్నాళ్లూ రోజూ పరుగెత్తి, ఒళ్లు తగ్గించుకుని ఇల్లు చేరాడు. 1963 మొదట్లో యూజీన్ పట్టణంలోని హేవర్డ్ ఫీల్డ్‌కు రమ్మని జనాన్ని పిలిస్తే, వచ్చేవాళ్ల సంఖ్య వారం వారం పెరిగి ఆయన్నే భయపెట్టింది. ఎవరి గుండె ఆగుతుందోనని ఒక దశలో అందరినీ ఇళ్లకు పంపేశాడు. ఆ తర్వాత గుండె వైద్యుడు వాల్డో హారిస్‌ను తోడు చేసుకుని క్రమం ఏర్పరిచాడు. ఇద్దరూ కలిసి 1967లో తెచ్చిన ‘జాగింగ్’ పుస్తకం అమెరికాలో పరుగుకు ఊపు తెచ్చింది. అప్పటికే తన శిష్యుడు ఫిల్ నైట్‌తో కలిసి ఆయన బూట్ల వ్యాపారంలో దిగాడు. అదే తర్వాత నైకీ అయింది.

దేశాలు దాటే క్రమంలో ఈ పద్ధతికి కొత్త అర్థాలూ వచ్చాయి. 1969లో జో హెండర్సన్ అనే అమెరికన్ ‘లాంగ్ స్లో డిస్టెన్స్’ పేరుతో చిన్న పుస్తకం వేశాక, మెల్లగా పరుగెత్తడమే లిడియార్డ్ పద్ధతి అని చాలామంది అనుకున్నారు. లిడియార్డ్ ఒప్పుకోలేదు. వగర్పు రానంత వరకు ఎంత వేగం సాధ్యమైతే అంత అన్నది ఆయన లెక్క. ఒళ్లు కుదిరేకొద్దీ అదే ఊపిరికి కాళ్లు ఇంకా వేగంగా కదులుతాయి. 1960లలో ఫిన్లాండ్ వెళ్లి ఆయన నాటిన ఈ సాధన బాటలోనే లాస్సే విరేన్ తయారయ్యాడు. 1972, 1976 ఒలింపిక్స్ రెండింటిలోనూ 5,000, 10,000 మీటర్లు గెలిచాడు.

తెలుగు నేలకు ఆ ఆదివారపు పరుగు చాలా ఆలస్యంగా వచ్చింది. హైదరాబాద్ మారథాన్ 2011లో మొదలయ్యాక, దానికి సిద్ధమయ్యేవాళ్ల వారపు పట్టికలో ‘లాంగ్ రన్’ అనే మాట స్థిరపడింది. ఆగస్టు ఉక్కలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగే ఆ దారిలో చేతి గడియారం చూపే వేగం తరచూ మోసం చేస్తుంది. చెమట పోసేకొద్దీ గుండె అదే పనికి ఎక్కువసార్లు కొట్టుకోవాలి. సెలవులకు ఊరు మారినా అంతే. విశాఖ బీచ్ రోడ్డు మీద అలవాటైన వేగాన్ని 2,240 మీటర్ల ఎత్తున్న ఊటీలో అందుకోబోతే మొదటి ఎక్కుడులోనే ఆయాసం పట్టుకుంటుంది. గాలిలో ప్రాణవాయువు పీడనం అక్కడ తక్కువ. ఆ సంగతి గడియారానికి తెలియదు, పక్కవాడితో మాట్లాడుతున్న గొంతుకు తెలుస్తుంది.

లిడియార్డ్ 2004 డిసెంబరులో, 87 ఏళ్ల వయసులో, ఉపన్యాసాల కోసం వెళ్లిన టెక్సస్‌లోనే కన్నుమూశాడు. స్నెల్ కాపురమూ అప్పటికి ఆ రాష్ట్రంలోనే. 1964లో టోక్యోలో 800, 1,500 మీటర్లు రెండూ గెలిచి, ఆ మరుసటేడాది పరుగు మానేసిన స్నెల్ తర్వాత అమెరికాలో చదువుకుని, వ్యాయామ శరీరశాస్త్రంలో డాక్టరేట్ పొంది, డాలస్‌లోని వైద్య విశ్వవిద్యాలయంలో పరిశోధకుడయ్యాడు. 800 మీటర్లవాడికి 22 మైళ్లు దేనికన్న పాత ప్రశ్నకు తానే జవాబు చెప్పాడు. తాపీ పరుగులో మొదట నెమ్మది కండరపు పోగులే పనిచేస్తాయి. గంటా గంటన్నర గడిచి వాటిలోని గ్లైకోజెన్ అనే నిల్వ ఇంధనం అడుగంటాక, వేగానికి దాచుకున్న పోగులు ఒక్కొక్కటే పనిలోకి దిగి ఓపిక నేర్చుకుంటాయి. ఆయన లెక్కన వయటారువా చుట్టులో తనను ఏడిపించిన ఆఖరి మైళ్లే రోమ్‌లో మూన్స్‌ను దాటిన ఆ చివరి అడుగులకు సాధన.