అండమాన్ పగడపు దిబ్బలు: వేట, వేడి

పగడపు దిబ్బలు అంటే వెచ్చని, లోతు తక్కువ సముద్రాల్లో పగడపు జీవులు తరతరాలుగా స్రవించిన సున్నం పేరుకుని ఏర్పడ్డ కట్టడాలు. అబిడ్స్ నగల దుకాణాల్లో ఉంగరానికి పొదిగే ఎర్ర పగడం వేరు. అది మధ్యధరా సముద్రానికి పేరుపడ్డ మరో జాతి, దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టే జీవి ఒంట్లో కంటికి ఆనని నాచు కాపురముంటుంది. ఎండను పట్టి దానికి తిండి సమకూర్చేదీ, రంగునిచ్చేదీ ఆ నాచే. నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠాన్ని ఒక్క డిగ్రీ మించి కొన్ని వారాలు నిలిస్తే చాలు, జీవి ఆ నాచును వెళ్లగొడుతుంది. లోపలి తెల్లని సున్నం బయటపడుతుంది. తెల్లబారిన పగడం అప్పటికి చచ్చిపోలేదు, పస్తులుంది. నీరు త్వరగా చల్లబడితే కోలుకుంటుంది.

ఆంధ్ర తీరంలో పెద్ద దిబ్బలు లేవు. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రూ మంచినీరూ వాటిని పెరగనివ్వవు. విశాఖ తీరపు రాళ్లకు మాత్రం కొన్ని జాతులు అక్కడక్కడా అంటుకుని ఉన్నాయి. దిబ్బలతో తెలుగువారి అసలు బంధం బంగాళాఖాతం తూర్పు అంచున, అండమాన్‌లో ఉంది. 1950ల నుంచి ప్రభుత్వం తీరప్రాంతాల మత్స్యకార కుటుంబాలను అక్కడికి తీసుకెళ్లి స్థిరపరిచింది. వారిలో ఉత్తరాంధ్ర వారూ ఉన్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ చేపల రేవులో తెలుగు మత్స్యకారులు కనిపిస్తారు. పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది.

చాలాకాలం అక్కడి వేట ఇంటికీ, ఊరి బజారుకూ సరిపడా సాగింది. 2000 తర్వాత గ్రూపర్ చేపకు ఎగుమతి గిరాకీ పెరిగింది. దిబ్బల కంతల్లో కాపువేసి ఇతర చేపలను తినే ఈ చేప నిదానంగా ఎదుగుతుంది. దీని జాతుల్లో చాలావాటిలో చేప మొదట ఆడగా ఉండి, పెద్దయ్యాక మగగా మారుతుంది. పెద్ద చేపల మీదే వేట సాగితే ముందు మగవి తరిగిపోతాయి. గుడ్లు పెట్టడానికి ఒక్కచోట గుమిగూడినప్పుడు పట్టేస్తే రాబోయే సంవత్సరాల సంతతీ పోయినట్టే. చిలక ముక్కులాంటి మూతితో రాళ్లమీది నాచును గీరి తినే చిలక చేపల సంగతి ఇంకా ముఖ్యం. అవి తగ్గితే చచ్చిన పగడం మీద నాచు దట్టంగా కమ్ముకుంటుంది, కొత్త పగడపు పిల్లలు అంటుకోవడానికి చోటుండదు.

వేడి దెబ్బ మొదట పెద్ద ఎత్తున తగిలింది 1998లో, బలమైన ఎల్‌నినో ఏట. 2004 డిసెంబర్ 26 నాటి భూకంపం ఉత్తర అండమాన్ తీరాన్ని పైకి లేపింది. అక్కడి దిబ్బలు కొన్ని నీటి మట్టానికి పైన తేలి ఎండిపోయాయి. ఆ గాయం మానకముందే 2010 వేసవి వచ్చింది. ఆ ఏప్రిల్, మే నెలల్లో పరిశీలించిన కొన్ని దిబ్బల్లో సగానికి మించి పగడాలు తెల్లబారాయి. 2016లో మళ్లీ తెల్లబారాయి. 2024 ఏప్రిల్‌లో శాస్త్రవేత్తలు ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబారుతున్నాయని ప్రకటించారు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం పదేళ్ల లోపుకు తగ్గిపోవడమే నా దృష్టిలో అన్నిటికన్నా భయపెట్టే విషయం. దిబ్బ కోలుకోవడానికి పదేళ్లకు పైనే పట్టవచ్చు.

ఈ వేడిని లెక్కగట్టేది సముద్రం లేని హైదరాబాద్‌లోనే. 1999లో ఏర్పడి, ప్రగతినగర్‌లో పనిచేస్తున్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, అంటే ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచిన నీటి వేడి ఆధారంగా అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్, కచ్ దిబ్బలకు తెల్లబారే ముప్పును ముందుగా తెలుపుతుంది. గరిష్ఠాన్ని ఒక డిగ్రీ మించిన వేడి ఒక వారం నిలిస్తే దాన్ని ఒక పాలు అనుకుంటే, నాలుగు పాళ్లకు పగడం తెల్లబారుతుంది, ఎనిమిదికి చావు మొదలవుతుంది. అదే కేంద్రం అదే నీటి వేడికి నీటిలోని పచ్చదనం కొలతను జోడించి, చేపలు ఎక్కడ దొరకవచ్చో మత్స్యకారులకు తెలుగుతో సహా పలు భాషల్లో చెబుతుంది.

దిబ్బ కట్టే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. వాటిని కోయడం నేరం. కానీ సముద్రపు వేడిని ఏ షెడ్యూలూ ఆపలేదు. జంగ్లీఘాట్ మత్స్యకారుడూ ఆపలేడు. తెల్లబారిన దిబ్బ తిరిగి లేస్తుందా, నాచులో కూరుకుపోతుందా అన్నది మాత్రం ఆ తర్వాతి కొన్నేళ్ల వేట మీద చాలావరకు ఆధారపడుతుంది. అందుకే చేపల జాడ చెప్పే కబురు తెలుగులో చేరినట్టే, దిబ్బ వేడెక్కిందన్న కబురూ తెలుగులో రేవుకు చేరాలి. ఆ దిబ్బ కోలుకునేదాకా అక్కడి చిలక చేపలనూ, పెద్ద గ్రూపర్లనూ వదిలేయమన్న మాట కూడా దాంతోపాటే వెళ్లాలి.