క్వేసారుల ప్రకాశరేఖలు

క్వేసారు దూరదర్శినిలో నక్షత్రమువలె ఒక చుక్కగానే తోచును. అట్టిదాని లోపలి నిర్మాణము మనకెట్లు తెలిసినది? దాని వర్ణపటమందలి ప్రకాశరేఖలవలన తెలిసినది.

1963 ఫిబ్రవరిలో మార్టెన్ ష్మిట్ అను ఖగోళజ్ఞుడు, కాలిఫోర్నియాలోని పాలోమార్ కొండమీది 200 అంగుళముల దూరదర్శినితో తీసిన 3సి 273 వర్ణపటమును పరిశీలించుచుండెను. అందలి రేఖలు తెలిసిన యే మూలకమునకును సరిపోవలేదు. తుదకవి ఉదజని రేఖలే యనియు, వాని తరంగముల పొడవు నూటికి 16 వంతులు పెరిగినదనియు గ్రహించెను. అది నక్షత్రము కాదు. ఆ కాంతి సుమారు 200 కోట్ల సంవత్సరములు పయనించి మనలను చేరినది.

రేఖయొక్క స్థానము దూరమును తెలుపగా, వెడల్పు వేగమును తెలిపినది. మనవైపు వచ్చు వాయువు కాంతి నీలమువైపునకును, వెడలిపోవు వాయువు కాంతి ఎరుపువైపునకును జరుగుటచే రేఖ వెడల్పగును. క్వేసారులలో ఉదజని రేఖల వెడల్పునుబట్టి ఆ వాయువు సెకనుకు వేలకొలది కిలోమీటర్లు పరుగిడుచున్నదని తేలినది. ఆమ్లజని రేఖలు కొన్ని మాత్రము సన్ననివి. అవి మిక్కిలి పలుచని వాయువునందే పుట్టును. దట్టమైన చోట పరమాణువులు ఢీకొని ఆ కాంతిని వెలువడనీయవు. కావున కేంద్రమునకు చేరువను దట్టమైన వేగవాయువును, దూరమున పలుచని మందవాయువును గలవని నిర్ణయించిరి.

ఆ వేగవాయువు కేంద్రముచుట్టు తిరుగుచున్నదా? 2018లో చిలీలోని నాలుగు దూరదర్శినులను జతపరచి 3సి 273నే చూచిరి. రేఖయొక్క ఎరుపుభాగము ఒక ప్రక్కనుండియు, నీలభాగము రెండవ ప్రక్కనుండియు వచ్చుట కనబడెను. వాయువు తిరుగుచున్నది, నడుమ దాదాపు 30 కోట్ల సూర్యుల బరువుగల కృష్ణబిలమున్నది. రేఖల వెడల్పునుబట్టి చేసిన యూహకు ఇట్లు ప్రత్యక్షప్రమాణము లభించినది.