గొల్టి, అరవ: రెండు మాటల కథ

హోసూరు ప్రాంతమందలి అత్తిముగము తెలుగు, తమిళ, కన్నడములు కలిసి మెలగుచున్న సీమలోనిది. ఐరావతేశ్వరాలయము గల ఈ యూరి పేరులో సంస్కృత 'హస్తి' తమిళ 'అత్తి'గాను, 'ముఖము' 'ముగము'గాను వినవచ్చుచున్నవి. 1956లో భాషను బట్టి రాష్ట్రము లేర్పడినప్పుడు ఈ సీమ మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. 2004 నుండి కృష్ణగిరి జిల్లాలో నున్నది.

తమిళుల నోట తెలుగువారికి వాడబడు ఎకసెక్కపు మాట 'గొల్టి'. 'తెల్గు' అను మాటను తలక్రిందులు చేయగా నిది పుట్టినదని పలువురి వివరణము. కళాశాలల విద్యార్థులు దీనినే 'గుల్టు' అని కుదించిరి. ప్రాచీన తమిళులు మాత్రము మనవారిని 'వడుగర్' అనిరి. 'వడ' యనగా ఉత్తరము. అందు దిక్కే కాని తిరస్కారము లేదు.

మనమును తమిళులను 'అరవవా'రనుచున్నాము. పూర్వము తమిళదేశపు ఉత్తరభాగమున 'అరువానాడు' అను సీమ యుండెను. మనకు పొరుగుననున్న ఆ సీమ పేరే తమిళుల కెల్లరకు పేరైనదని కొందరు పండితుల మతము. ఇది యెరుగనివారు 'అరవము' అరుపునుండి వచ్చినదని పరిహసింతురు.

వడుగ దిక్కును, అరవ సీమను తెలిపిన మాటలు. గొల్టి పుట్టుకయే పరిహాసము. అయినను సీమపేరును సయితము గొంతు మార్చి పలికిన నది తిట్టగును. 'గొల్టి' యన్న నొచ్చుకొను మనము 'అరవ' యనునప్పుడు మన గొంతును గమనించుకొనవలెను. మూడు భాషలవారు ఒకే సంతలో బేరమాడు సీమలో నీ మెలకువ మరింత యవసరము.