మన చేతుల చరిత్ర - 7: లేసు పువ్వు ఎవరిది?

గత భాగంలో తోలు పని గురించి రాశాను. చదివిన విద్యార్థులు కొందరు "మేడమ్, ఆడవాళ్ల చేతిపని గురించి కూడా రాయండి" అన్నారు. అందుకే ఈసారి నర్సాపురం లేసు.

మా అమ్మమ్మ లేసు అల్లేది. పొలం పని లేని రోజుల్లో పేటలో అరుగు మీద కూర్చుని, వేలికి దారం చుట్టుకుని, కొక్కెం సూదితో పువ్వు తర్వాత పువ్వు తీసేది. "ఇయ్యి ఏం చేసుకుంటారు అమ్మమ్మా?" అని అడిగితే, "దొరసానులు బల్ల మీద పరుచుకుంటారంటమ్మా" అనేది. మా ఇంట్లో బల్ల లేదు.

ఈ పని మన పేటల్లోకి ఎలా వచ్చింది? 1836లో ఇంగ్లండ్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో సహా వచ్చి గోదావరి డెల్టాలో మిషన్ మొదలుపెట్టారు. ఆ శతాబ్దంలోనే మిషనరీలు ఇక్కడి స్త్రీలకు లేసు నేర్పారు. మొదట నేర్చుకున్నది క్రైస్తవంలోకి వచ్చిన పేద మాల, మాదిగ స్త్రీలు. నాట్లు వేసిన వేళ్లే సన్నదారం పట్టాయి.

తర్వాత ఎగుమతి పెరిగింది. వ్యాపారులు, ఏజెంట్లు వచ్చారు. కాపు స్త్రీలు పెద్ద సంఖ్యలో ఈ పనిలోకి వచ్చారు. పనిని ముక్కలు చేశారు. ఒకామె పువ్వులే అల్లుతుంది, ఇంకొకామె అతుకు పనే చేస్తుంది. పూర్తయిన గుడ్డ ఎలా ఉంటుందో, ఎంతకు అమ్ముడుపోతుందో పువ్వు అల్లినామెకు తెలియదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఇక్కడ పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. విద్యార్థులు తప్పక చదవాలి. రోజూ గంటల తరబడి చేసే ఈ పనిని అందరూ "గృహిణుల తీరిక పని" అనేవారని ఆమె చూపించారు. తీరిక పని అన్నాక కూలి రేటు అడిగేదెవరు?

ఇందులో కులం సంగతి కూడా ఉంది. గడప దాటకుండా లేసు అల్లడం గౌరవం, పొలానికి పోవడం తక్కువతనం అన్నారు. కానీ పొలంలో కూలి చేసే దళిత స్త్రీకి వచ్చేంత డబ్బు కూడా లేసు అల్లే ఆమెకు రాలేదు. అంటే ఆ స్త్రీలకు కూలికి బదులు కుల గౌరవం ఇచ్చారు. మిగిలిన లాభం వ్యాపారి తీసుకున్నాడు. కులం కింద ఉన్నవాళ్లనే కాదు, పైన కూర్చున్నామనుకునే స్త్రీని కూడా ఎలా దోచుకుంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు కాపాడేది ఊరి పేరుని. అల్లిన చేతి పేరు అందులో ఉండదు. కూలి ఎంతో అది చెప్పదు.

మా పిన్ని కూతురు ఇప్పుడు చేత్తో ఎంబ్రాయిడరీ చేస్తోంది. అమ్మమ్మ పెట్టెలో ఏజెంటు వద్దని తిప్పి పంపిన పువ్వులు కొన్ని దొరికాయి. మరకపడ్డాయనో, కొలత తప్పాయనో వెనక్కి వచ్చినవి. చెల్లి వాటిని నీలం గుడ్డ మీద కుట్టింది. వాటి చుట్టూ ఏజెంటు చీటీలోని లెక్కలు తెల్లదారంతో కుట్టింది: ఎన్ని డజన్లు, ఎంత కోత, చేతికి ఎంత. అడుగున అమ్మమ్మ పేరు.

చూసినవాళ్లు "ఎంత అందంగా ఉందో, అమ్ముతారా?" అని అడుగుతున్నారు. చెల్లి ఇంకా తేల్చుకోలేదు. "అమ్మితే నా గంటలు లెక్కగట్టే అమ్ముతానక్కా. అమ్మమ్మ గంటలు ఎవరు కడతారు?" అంది.

నేను తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. నా థీసిస్‌లో అమ్మమ్మ సూది గురించి ఒక్క వాక్యం లేదు. మీరు ఆ తప్పు చేయకండి. ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు మీ అమ్మమ్మల, నాయనమ్మల చేతిపని గురించి అడగండి. ఎవరు నేర్పారు, ఎవరు కొన్నారు, ఎంత ఇచ్చారు, రాసుకోండి. పేరుతో సహా రాసుకోండి.

జై భీమ్.